గుర్రం మీద కుర్చీలాట, లెమన్ అండ్ స్పూన్: రైడింగ్ నేర్చుకునే పిల్లలకు ఈ ఆటలు ఎందుకు?

హార్స్ రైడింగ్ క్లాసు అనగానే చాలామందికి ఒకే దృశ్యం గుర్తొస్తుంది. చుట్టూ కంచె వేసిన ఇసుక మైదానం. అందులో ఒకదాని వెనక ఒకటి నడిచే ఐదారు గుర్రాలు. మధ్యలో నిలబడి 'మడమలు కిందికి, చూపు ముందుకి' అని అరిచే ఇన్‌స్ట్రక్టర్.

హైదరాబాద్, బెంగళూరు, పుణె, దిల్లీ శివార్లలోని రైడింగ్ స్కూళ్లలో వారాంతపు ఉదయాలు చాలావరకు ఇలాగే గడుస్తాయి. మొదటి నెల పిల్లలు ఉత్సాహంగా వస్తారు. ఆ తర్వాత కొందరికి విసుగొస్తుంది. తల్లిదండ్రులకేమో ఫీజు గుర్తొస్తుంది.

విసుగు కన్నా పెద్ద సమస్య ఇంకొకటి ఉంది. గుర్రాలు మందగా బతికే జంతువులు. ముందున్న గుర్రం వెళ్తుంటే వెనకున్నది దాని వెంటే పోతుంది. ముందుది ఆగితే ఇదీ ఆగుతుంది. పైన కూర్చున్న పిల్లాడు తానే నడుపుతున్నానని అనుకుంటాడు కానీ, నిజానికి అతను రైలుబండిలో ప్రయాణికుడే. ఈ సంగతి వరస నుంచి గుర్రాన్ని పక్కకు తీసుకెళ్లమన్న రోజున బయటపడుతుంది. గుర్రం కదలదు, లేదంటే తిరిగి మందలోకే పోతుంది. పిల్లాడు పగ్గాలు లాగుతాడు, గుర్రం తల ఎగరేస్తుంది, ఇద్దరికీ కోపమొస్తుంది.

గుర్రం మీద ఆడే గుంపు ఆటలు పనికొచ్చేది ఇక్కడే. స్కూల్ స్పోర్ట్స్ డేలో మనం నేల మీద ఆడినవే చాలావరకు గుర్రం మీదా ఆడొచ్చు. కుర్చీలాట, లెమన్ అండ్ స్పూన్, స్టాచ్యూ, స్లో రేస్, రిలే అన్నీ. అయితే కిందున్నది 400 నుంచి 500 కిలోల బరువుండే ప్రాణి. దానికి భయం ఉంది, ఇష్టాయిష్టాలు ఉన్నాయి. అందుకే ఏ ఆట, ఏ గుర్రం మీద, ఎంత వేగంతో అన్నది ఆలోచించకపోతే సరదాగా మొదలైంది ఆసుపత్రిలో ముగియొచ్చు.

'జింఖానా' అంటే అసలు అర్థం ఏంటి?

సికింద్రాబాద్ జింఖానా మైదానం పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. 2022 సెప్టెంబరులో క్రికెట్ టికెట్ల కోసం తొక్కిసలాట జరిగింది అక్కడే. మన దేశంలో జింఖానా అంటే క్లబ్బు లేదా ఆటస్థలం. బ్రిటన్‌లో అదే మాటకు అర్థం వేరు. అక్కడ జింఖానా అంటే పిల్లలు పోనీల మీద ఎక్కి ఆడే ఆటల పోటీ.

మాట మాత్రం ఇక్కడిదే. బంతి ఆడే చోటు అనే అర్థంలో హిందుస్తానీలో 'గేంద్ ఖానా' అనేవారని, ఇంగ్లిష్‌వాళ్ల నోట అందులోని 'గేంద్' జిమ్నాస్టిక్స్‌లోని 'జిమ్'గా మారిందని నిఘంటువులు చెబుతాయి. ఆంగ్లో-ఇండియన్ పదాలకు ప్రసిద్ధమైన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు 1886లో వచ్చింది. ఈ మాట వాడకం తమకు దొరికినంతలో మొదట 1861లో రూర్కీలో కనిపిస్తోందని అది పేర్కొంది. సైనిక కంటోన్మెంట్లలో అధికారులు సాయంత్రం పూట గుర్రాల మీద ఆడుకున్న సరదా పందేలు ఓడెక్కి బ్రిటన్ వెళ్లి, అక్కడి పిల్లల ఆటలయ్యాయి. మాటేమో ఇక్కడ క్రికెట్ గ్రౌండ్లకు మిగిలిపోయింది.

బ్రిటన్‌లో పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే 'పోనీ క్లబ్' 1929లో మొదలైంది. అక్కడి ఆటలకు పెద్ద గుర్తింపు 1957లో వచ్చింది. ఖరీదైన మేలుజాతి పోనీలు కొనలేని పిల్లలు కూడా పాల్గొనగలిగే పోటీ ఒకటి ఉండాలని ప్రిన్స్ ఫిలిప్ సూచించారు. ఆ పోటీకి రూపం ఇచ్చింది కల్నల్ మైక్ ఆన్సెల్. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి చూపు కోల్పోయిన సైనికాధికారి ఆయన. అలా మొదలైన 'ప్రిన్స్ ఫిలిప్ కప్' ఇప్పటికీ నడుస్తోంది.

ఆ పోటీ నిబంధనల్లో ఒకటి మన రైడింగ్ స్కూళ్లు గోడ మీద రాసిపెట్టుకోదగ్గది. అక్కడ కొరడా వాడకూడదు, బూట్లకు ముల్లులాంటి స్పర్ తొడగకూడదు. గెలవాలన్న తొందరలో పిల్లలు చేసే మొదటి తప్పు గుర్రాన్ని కొట్టడమే కాబట్టి ఆ అవకాశాన్నే తీసేశారు. పోనీ ఎత్తుకూ పరిమితి ఉంది. అది భుజాల దగ్గర 148 సెంటీమీటర్లు దాటకూడదు. మాటిమాటికీ దిగి, మళ్లీ ఎక్కాల్సిన ఆటల్లో ఎత్తు తక్కువ ఉండటం ఎంత మేలో ఒక్కసారి పెద్ద గుర్రం ఎక్కినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మొదట ఆడించాల్సింది: స్టాచ్యూ

ఒక్క ఆటతోనే మొదలుపెట్టాలంటే నా ఓటు దీనికే. మన పిల్లలు 'స్టాచ్యూ' అంటారు. 'స్క్విడ్ గేమ్' చూసిన పెద్ద పిల్లలు 'రెడ్ లైట్, గ్రీన్ లైట్' అంటారు.

రైడర్లందరూ మైదానానికి ఒక చివర, మధ్యలో ఖాళీ వదిలి, పక్కపక్కన నిలబడతారు. రెండో చివర ఇన్‌స్ట్రక్టర్. 'గ్రీన్' అంటే నడక. 'రెడ్' అంటే గుర్రాన్ని ఆపాలి. మూడు లెక్కపెట్టేలోపు ఆగని గుర్రం మొదటికి వెళ్లాలి.

ఇలాగే వదిలేస్తే మాత్రం ఆట చెడ్డ అలవాటు నేర్పుతుంది. పిల్లలు పగ్గాలు పట్టుకుని బలంగా లాగేస్తారు. గుర్రం నోట్లో ఉండే ఇనుప కడ్డీ నాలుక మీద, పళ్లు లేని చిగురు మీద ఆనుతుంది. గట్టిగా లాగితే దానికి నొప్పి. అందుకని ఇంకో షరతు కలపాలి. ఆగేటప్పుడు గుర్రం తల ఎగరేసినా, నోరు తెరిచినా ఆ రైడర్ కూడా మొదటికే. ఈ ఒక్క మాటతో ఆట స్వభావం మారిపోతుంది. వెన్ను నిటారుగా పెట్టి, నడుము బరువు జీనులోకి దింపి, ఊపిరి వదిలి, ఆ తర్వాత వేళ్లు బిగించడం అని ఇన్‌స్ట్రక్టర్ పది క్లాసుల్లో చెప్పింది పిల్లలు పది నిమిషాల్లో తమంతట తామే పట్టుకుంటారు. ఎందుకంటే అలా చేసినవాళ్లే ముందుకు పోతున్నారు.

ఇందులో ఇంకో లాభం ఉంది. గుర్రాలు కూడా ఆట పట్టేస్తాయి. నాలుగైదు సార్లు అయ్యాక కొన్ని గుర్రాలు రైడర్ చెప్పకముందే 'రెడ్' మాటకే ఆగిపోతాయి. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ మాట మానేసి జెండాతో సైగ చేయాలి. లేకపోతే నేర్చుకున్నది గుర్రమే అవుతుంది, పిల్లాడు కాదు.

స్లో రేస్: గుర్రాలకూ ఉంది

సైకిల్ స్లో రేస్ చూడని ఊరు ఉండదు. చివరికి చేరినవాడే విజేత, కాలు నేల మీద పెట్టకూడదు. గుర్రాల మీద కూడా ఇంతే. గీత నుంచి గీత దాకా నడక. గుర్రం పూర్తిగా ఆగితే అవుట్. అందరికన్నా చివర వచ్చినవాళ్లు గెలిచినట్టు.

చూసేవాళ్లకు ఇది నవ్వులాట. చేసేవాళ్లకు కష్టం. ఆగకుండా, నెమ్మదిగా, తిన్నగా నడిపించాలంటే గుర్రం వేసే ఒక్కో అడుగూ తెలియాలి. మన దేశంలోని చాలా రైడింగ్ స్కూళ్లకు ఇది ఎందుకు మిగతా ఆటలకన్నా ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

లెమన్ అండ్ స్పూన్, నోటు ఆట

బ్రిటన్, అమెరికాల్లో చెంచాలో గుడ్డు పెడతారు. మనకు నిమ్మకాయ ఉండనే ఉంది, పగిలినా గోల లేదు. ఒక చేతిలో పగ్గాలు, రెండో చేతిలో చెంచా. నిమ్మకాయను బొటనవేలితో నొక్కి పట్టుకోకూడదు. నడకలో ఒక రౌండ్, ఆ తర్వాత ట్రాట్‌లో, అంటే గుర్రం కుదుపుతూ వేసే చిన్న పరుగులో ఒక రౌండ్. ఎవరి నిమ్మకాయ చివరిదాకా నిలుస్తుందో చూడాలి.

దీంతో తెలిసేది ఏంటంటే, చెయ్యి కదలకుండా ఉండాలంటే నడుము కదలాలి. నడుము బిగబట్టి కూర్చున్న పిల్లాడి కుదుపంతా భుజాల్లోకి, అక్కణ్నుంచి చెంచాలోకి వస్తుంది. మామూలు రోజుల్లో ఆ కుదుపు వెళ్లేది గుర్రం నోటికి. చెంచా దాన్ని కంటికి కనిపించేలా చేస్తుంది, అంతే. కిందపడ్డ నిమ్మకాయ కోసం ఎవరూ వంగకూడదు, దిగకూడదు. సైస్ లేదా సహాయకులు అందించాలి. చిన్నపిల్లలకు చెంచా బదులు సగం నీళ్లున్న ప్లాస్టిక్ గ్లాసు ఇచ్చి, చివర్లో ఎవరి దగ్గర ఎక్కువ నీళ్లు మిగిలాయో కొలవచ్చు. వేసవిలో ఒంటి మీద పడినా బాగుంటుంది.

అమెరికాలో ఇలాంటిదే ఇంకోటి ఆడతారు. రైడర్ తొడకూ గుర్రానికీ మధ్య ఒక డాలర్ నోటు పెడతారు. నడక, ట్రాట్, క్యాంటర్, మలుపులు అంటూ వరసగా చెబుతూ పోతారు. నోటు జారినవాళ్లు అవుట్. చివరికి మిగిలినవాళ్లకు నోట్లన్నీ. అక్కడ దీన్ని ఎక్కువగా జీను లేకుండా ఆడతారు. ఇక్కడ జీను ఉంచి, మోకాలి కింద చీటీ ముక్క పెడితే చాలు. అయితే దీన్ని తరచూ ఆడించకూడదు. మోకాళ్లతో గట్టిగా నొక్కి పట్టుకుంటే శరీరం జీను నుంచి పైకి లేస్తుంది, బట్టల పిన్ను జారినట్టు. నెలకోసారి సరదాకి సరే, వారం వారం ఆడితే తప్పుడు పట్టు అలవాటవుతుంది.

కుర్చీలాట: ఎక్కువ జాగ్రత్త కావాల్సింది దీనికే

పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. నేల మీద గళ్లు గీసి లేదా ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి, రైడర్ల కన్నా ఒకటి తక్కువ ఉంచుతారు. పాట నడుస్తున్నంతసేపు చుట్టూ తిరగాలి. పాట ఆగగానే ఒక గడిలోకి గుర్రాన్ని తీసుకెళ్లి ఆపాలి.

బ్రిటన్ పోటీల్లో గుర్రం దిగి, దాన్ని నడిపించుకుంటూ పరుగెత్తి గోనెసంచి మీద నిలబడే రకం కూడా ఉంది. అది పోనీలతో బాగా అలవాటైన పిల్లలకు. మన దగ్గర మొదట్లో దిగకపోవడమే మంచిది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒకే గడి కోసం రెండు గుర్రాలు ఒకేసారి దూరినప్పుడు. ఒకదాని తల ఇంకోదాని వెనక కాళ్ల దగ్గరికి వెళ్తుంది. గుర్రం తన్నేది అప్పుడే. ఆ తన్ను వెనకున్న గుర్రానికి తగలకపోతే, ఆ గుర్రం మీదున్న పిల్లాడి మోకాలికి తగులుతుంది.

అందుకని నియమాలు కచ్చితంగా ఉండాలి. నడక మాత్రమే. గళ్ల మధ్య కనీసం రెండు గుర్రాల పొడవు దూరం. ముందుగా ముందుకాళ్లు పెట్టిన గుర్రానిదే గడి. అందులో ఇంకో గుర్రం ఉండగా దగ్గరికి వెళ్లినవాళ్లు వెంటనే అవుట్. ఓడిన పిల్లలను మూలకు నిలబెట్టకుండా, తర్వాతి రౌండ్‌లో పాట ఎప్పుడు ఆపాలో నిర్ణయించే పని వాళ్లకివ్వాలి. ఎక్కువసేపు కదలకుండా నిలబడ్డ గుర్రం పక్క గుర్రంతో తగువు పెట్టుకుంటుంది.

స్పీకర్ చప్పుడుకు గుర్రం అలవాటు పడిందా లేదా అన్నది ముందురోజే చూసుకోవాలి. పెళ్లి బరాత్‌లకు వెళ్లొచ్చిన గుర్రాలైతే బ్యాండు మేళాన్నే లెక్కచేయవు. కొత్తవాటి సంగతి అలా కాదు.

రిలే, బెండింగ్

వరసగా ఐదు కర్రలు పాతి, వాటి మధ్య పాములా మెలికలు తిరుగుతూ వెళ్లి, అలాగే వెనక్కి రావడాన్ని 'బెండింగ్' అంటారు. ప్రిన్స్ ఫిలిప్ కప్ లాంటి పోటీల్లో చూడ్డానికి ఇదే కళ్లు చెదిరే ఆట. చురుకైన పోనీ అయితే ఒక్కో కర్ర దగ్గర కాళ్లు మార్చుకుంటూ గాలిలా పోతుంది.

క్లాసులో దీన్ని నడకతో మొదలుపెట్టాలి. కర్రల మధ్య ఏడెనిమిది మీటర్లు వదిలితే పెద్ద గుర్రాలు కూడా ఇబ్బంది లేకుండా తిరుగుతాయి. ఇనుప రాడ్లు, వెదురు బొంగులు వద్దు. మీద పడినా వంగిపోయే సన్నటి ప్లాస్టిక్ పైపులు వాడాలి. పిల్లాడు ఇప్పుడు దాటుతున్న కర్రను చూస్తే దాన్నే గుద్దుకుంటాడు. తర్వాతి కర్రను చూస్తే గుర్రం అటు తిరుగుతుంది. టూ వీలర్ నేర్చుకునేటప్పుడు గుంతను చూస్తే గుంతలోకే పోవడం లాంటిదే ఇది.

రెండు జట్లుగా చేసి, చేతిలో బ్యాటన్ పెడితే రిలే అవుతుంది. మగ్గులను ఒక కర్ర మీద నుంచి ఇంకో కర్ర మీదికి మార్చడం, మేజోళ్లను ఉండగా చుట్టి బకెట్లో వేయడం, డబ్బాలోని చిన్న జెండాను తీసి ఇంకో డబ్బాలో పెట్టడం అన్నీ ఈ కోవలోవే. వీటన్నిటిలో పిల్లాడు నేర్చుకునేది ఒకటే, గుర్రాన్ని ఒక వస్తువు పక్కకు అడుగు దూరంలోకి తీసుకెళ్లి నిలపడం. ఇంటి గేటు గొళ్లెం గుర్రం మీద నుంచే తీయాలంటే కావాల్సిన నేర్పు ఇదే.

బ్యాటన్ మార్చుకునే చోటే ప్రమాదం ఎక్కువ. వేగంగా వచ్చే గుర్రం ఎదురుగా నిలబడ్డ గుర్రాన్ని గుద్దుకోవచ్చు. కుడి చేతి నుంచి కుడి చేతికి, పక్కపక్కగా దాటుతూ ఇవ్వాలని ముందు నేల మీద నడిచి సాధన చేయించాలి. ఇద్దరు రైడర్లు ఒకే తాడు పట్టుకుని జంటగా వెళ్లే ఆట కూడా ఉంది. అందులో తాడును చేతికి చుట్టుకోనివ్వకూడదు, ముడులు ఉండకూడదు. గుర్రాలు విడిపోతే తాడు వదిలేయగలగాలి.

గుర్రానికి ఏం కనిపిస్తుంది?

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అది దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. ఆ కాస్త కనిపించని చోట్లు రెండు: సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక. రెపరెపలాడే జెండా, ఎగిరే ప్లాస్టిక్ సంచి, నేల మీద కొత్తగా గీసిన తెల్ల సున్నం గీత, ఇవన్నీ దానికి అనుమానాస్పదమే. ఆటకు వాడే ప్రతి వస్తువునూ ముందు గుర్రానికి నేల మీద చూపించి, వాసన చూడనిచ్చి, ఆ తర్వాతే రైడర్‌ను ఎక్కించాలి.

గుంపులో ఆడేటప్పుడు ప్రపంచమంతా పాటించే మర్యాదలు కొన్ని ఉన్నాయి. ముందున్న గుర్రానికీ మనకూ మధ్య కనీసం ఒక గుర్రం పొడవు ఖాళీ. ఎదురుపడితే ఎడమ భుజం ఎడమ భుజానికి వచ్చేలా దాటడం. మన రోడ్డు మీద వాహనాలు వెళ్లేదానికి ఇది తిరగబడి ఉంటుంది కాబట్టి మన పిల్లలు మొదట్లో తికమక పడతారు. తోకకు ఎర్ర రిబ్బన్ కట్టారంటే ఆ గుర్రం తన్నుతుందని అర్థం. చెవులు వెనక్కి వాల్చి మెడకు ఆనించిందంటే దానికి చిరాకొచ్చిందని అర్థం. రిబ్బన్ ఉన్న గుర్రాన్ని నిజానికి గుంపు ఆటలకు తీసుకురాకపోవడమే మేలు.

పందెం గుర్రాలతో పందెం వద్దు

మన దేశంలో ఈ ఆటల గురించి చదివిన ఇన్‌స్ట్రక్టర్లు తరచూ మర్చిపోయే తేడా ఒకటుంది. బ్రిటన్‌లో ఈ ఆటలు పొట్టిగా, నిదానంగా ఉండే పోనీల చుట్టూ తయారయ్యాయి. మన రైడింగ్ స్కూళ్లలో చాలా గుర్రాలు రేస్ కోర్సుల నుంచి రిటైరై వచ్చిన థొరోబ్రెడ్‌లు. హైదరాబాద్ మలక్‌పేట, బెంగళూరు, ముంబయి, పుణె లాంటి చోట్ల పందేలు అయిపోయాక వాటిలో కొన్ని ఇలా శిక్షణ కేంద్రాలకు చేరతాయి.

వాటికి చిన్నప్పటి నుంచి నేర్పింది ఒకటే. వరసగా నిలబడటం, గేటు తెరవగానే పక్క గుర్రం కన్నా ముందు పరుగెత్తడం. అలాంటి గుర్రాలను నాలుగింటిని గీత మీద నిలబెట్టి 'వన్, టూ, త్రీ' అంటే ఏమవుతుందో ఊహించవచ్చు. పదేళ్ల పిల్ల పగ్గాలు లాగితే అవి ఆగవు. పైగా పగ్గాలు బిగిసేకొద్దీ ఇంకా ముందుకు తన్నుకుపోవడం వాటికి అలవాటు.

స్లో రేస్ ముఖ్యమని అందుకే అన్నాను. మన గుర్రాలకు సరిపడేవి 'ఎవరు ముందు' ఆటలు కావు. 'ఎవరు నిదానంగా', 'ఎవరు తిన్నగా', 'ఎవరిది ఒలకలేదు' అనే ఆటలు. రిలే ఆడించాలనుకుంటే రెండు జట్లనూ ఒకేసారి వదలకుండా ఒక్కో జట్టునూ విడిగా పంపి, స్టాప్‌వాచ్‌తో సమయం చూడొచ్చు. ట్రాట్ చేయాల్సిన చోట గుర్రం క్యాంటర్‌లోకి వెళ్తే, వెంటనే ఒక చిన్న చుట్టు తిప్పించి మళ్లీ మొదలుపెట్టించాలి. ఇది పోటీల్లోనూ ఉండే పద్ధతే.

గుర్రానికి ఇది శ్రమ కూడా. ఒక్కసారిగా పరుగు, ఒక్కసారిగా ఆగడం, ఇరుకు మలుపులు ఇవన్నీ కాళ్ల స్నాయువుల మీద భారం వేస్తాయి. గంట క్లాసులో 15-20 నిమిషాలు ఆటలు చాలు. వానకు బురదైన నేల మీద, ఎండకు గట్టిపడ్డ నేల మీద నడకను దాటకూడదు. తెలుగు రాష్ట్రాల వేసవిలో ఉదయం ఎనిమిది దాటాక ఆటల మాటే వద్దు.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. గుర్రాన్ని కొట్టడంతో పాటు, శక్తికి మించి స్వారీ చేయడాన్ని కూడా అందులోని 11వ సెక్షన్ నేరంగా పేర్కొంది. మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. పార్కింగ్ టికెట్ అంతకన్నా ఎక్కువ.

మన దగ్గర పుట్టిన ఆటలు

పిల్లల ఆటల దగ్గరే ఆగిపోకుండా పై మెట్లకు వెళ్లాలనుకునేవాళ్లకు దారులు ఇక్కడే ఉన్నాయి. నేలలో పాతిన చిన్న చెక్క మేకును దౌడు తీసే గుర్రం మీద నుంచి బల్లెంతో పొడిచి ఎత్తుకుపోయే టెంట్ పెగ్గింగ్ ఉపఖండపు ఆశ్విక దళాల్లో పెరిగిన ఆట. సరిహద్దుకు రెండు వైపులా పంజాబ్‌లో దీన్ని నేజాబాజీ అంటారు. ఇందులోనూ నిమ్మకాయలున్నాయి. వాటిని దారానికి వేలాడదీసి కత్తితో నరుకుతారు.

1982 దిల్లీ ఆసియా క్రీడల్లో టెంట్ పెగ్గింగ్ వ్యక్తిగత విభాగంలో రూపిందర్ సింగ్ బ్రార్ స్వర్ణం గెలిచారు. అదే క్రీడల్లో ఈవెంటింగ్‌లో రఘువీర్ సింగ్‌కు, భారత జట్టుకు కూడా స్వర్ణాలొచ్చాయి. ఆ తర్వాత గుర్రపుస్వారీలో భారత్‌కు ఆసియా స్వర్ణం రావడానికి 41 ఏళ్లు పట్టింది. 2023లో హాంగ్‌జౌలో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా జట్టు డ్రెస్సాజ్‌లో గెలిచింది. డ్రెస్సాజ్ అంటే గుర్రం అడుగులను, మలుపులను, ఆగడాన్ని కంటికి కనిపించని సైగలతో నడిపించే విభాగం. స్టాచ్యూ ఆటకు అది ఎక్కడో పైన ఉన్న అన్నయ్య.

మణిపూర్‌లోని 'సగోల్ కాంగ్జెయ్' ఆధునిక పోలోకు మూలం. జట్టుకు ఏడుగురు. గోల్ పోస్టులు ఉండవు, బంతిని మైదానం చివరి గీత దాటిస్తే గోల్. ఆడేది పొట్టి మణిపురి పోనీల మీద. దాన్ని చూసి ముచ్చటపడ్డ బ్రిటిష్ అధికారులు, టీ తోటల యజమానులు 1859లో సిల్చార్‌లో పోలో క్లబ్ పెట్టారు. ఇప్పుడు ఆ పోనీల సంఖ్య తగ్గిపోతోంది. పిల్లల రైడింగ్‌కు ఇంత అనువైన దేశీయ జాతి ఉండి కూడా, మనం రిటైరైన పందెం గుర్రాల మీద పిల్లలను ఎక్కిస్తున్నాం.

ఫీజు భరించలేని విద్యార్థులకు ఎన్‌సీసీలోని రిమౌంట్ అండ్ వెటర్నరీ యూనిట్లు ఒక దారి. హైదరాబాద్, తిరుపతిలో అవి ఉన్నాయి. అక్కడి క్యాడెట్లు స్వారీతో పాటు గుర్రం సంరక్షణ కూడా నేర్చుకుంటారు.

తల్లిదండ్రులు ఏం చూడాలి?

హెల్మెట్ గుర్రపుస్వారీ కోసం చేసినదై ఉండాలి. క్రికెట్‌ది, సైకిల్‌ది పనికిరావు. గడ్డం కింద పట్టీ బిగించి ఉండాలి. ఒకసారి గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్‌ను, పగుళ్లు కనిపించకపోయినా, మళ్లీ వాడకూడదు. అద్దెకిచ్చే హెల్మెట్ల చరిత్ర అడగడానికి మొహమాటపడక్కర్లేదు. బూట్లకు చిన్న మడమ ఉండాలి. లేకపోతే పాదం రికాబులోంచి జారి ఇరుక్కుంటుంది. గుర్రం కింద పడేసిన దానికన్నా, రికాబులో కాలు ఇరుక్కుని ఈడ్చుకెళ్లిందే ఎక్కువ ప్రమాదకరం.

ఆట మొదలయ్యే ముందు ఒక్కో పిల్లాడూ ఒంటరిగా గుర్రాన్ని నడిపించి, ఆపి, తిప్పగలడో లేదో ఇన్‌స్ట్రక్టర్ పరీక్షించారా? ఆరుగురికి మించి ఒకేసారి మైదానంలో ఉన్నారా? నేల మీద సహాయకులున్నారా? పిల్లాడు పడిపోతే మిగతా అందరూ వెంటనే గుర్రాలను ఆపాలన్న సంగతి ముందే చెప్పారా? ఈ నాలుగూ కంచె బయట నిలబడి చూసినా తెలిసిపోతాయి. మొబైల్‌లో వీడియో తీస్తూ కంచె మీదికి వంగేవాళ్లు గుర్రాలను బెదరగొడుతున్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

విదేశీ పుస్తకాల్లో కనిపించే ఒక ఆటను మాత్రం ఇక్కడ ఆడించకపోవడమే మంచిది. ఒకే తొట్టి నీళ్లలో ఆపిల్ ముక్కలు వేసి, ఏ గుర్రం ముందు నోటితో అందుకుంటుందో చూడటం. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా వ్యాధి మన దేశంలో ఇంకా ఉంది. ఉమ్మడి నీళ్ల తొట్లు, మేత తొట్ల ద్వారా అది ఒక గుర్రం నుంచి ఇంకోదానికి సోకుతుంది. మనుషులకూ వస్తుంది. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం ఎక్కడైనా అనుమానం వస్తే అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. ఆపిల్ పెట్టాలనిపిస్తే విడివిడిగా, చాచిన అరచేతిలో పెట్టాలి.

ఆటలు ముగిశాక పిల్లలు గుర్రం దిగి ఐస్‌క్రీమ్ దగ్గరికి పరుగెత్తకూడదు. పొట్ట పట్టీని ఒక రంధ్రం వదులు చేసి, రికాబులు పైకి కట్టి, ఊపిరి మామూలయ్యేదాకా పది నిమిషాలు గుర్రాన్ని నడిపించాలి. తర్వాత నీళ్లు, ఎవరి గుర్రానికి వాళ్ల బకెట్‌లోనే. జీను తీశాక వీపు మీద చెమట తడి రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడటం కూడా పిల్లలకే అప్పజెప్పవచ్చు. ఒక పక్కే ఎక్కువ తడిసి ఉంటే, జీను సరిగా కుదరలేదో, రైడర్ ఒక పక్కకు ఒరిగి కూర్చున్నారో సైస్ చెబుతాడు.